మీ ఉత్తరాలు, నా జవాబులు: ‘ఏజెన్సీ’ అనే మాటకి వయసెంత?

క్రిందటి సంచికలో ‘దొరలు వెళ్లిపోయినా దొరల తర్కం మన కచేరీల్లో, పాఠాల్లో అలాగే ఉండిపోయింది’ అని నేను రాసిన రెండు పేజీలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం, ఒడిశాలో తెలుగు వినపడే ఊళ్లన్నిటి నుంచీ వచ్చాయి. మెచ్చుకున్నవి తక్కువ, నిలదీసినవి ఎక్కువ, అదీ ఒకందుకు మంచిదే. పేర్లు వెయ్యొద్దని కొందరు రాశారు, అందుకని ఎవరివీ వెయ్యడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

డిగ్రీ విద్యార్థిని, బరంపురం: మాస్టారూ, మాకు పొలిటికల్ సైన్స్‌లో జాన్ స్టువర్ట్ మిల్ పాఠం ఉంది. మనిషి స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసినాయన ఈస్టిండియా కంపెనీ జీతగాడని మీ వ్యాసంలో చదివి మా సార్‌ని అడిగితే ‘అది పరీక్షకి రాదు’ అన్నారు. ఆ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇమిడాయి? అది మోసం కాదా?

పరీక్షకి రాదన్నది నిజమేనమ్మా, అందుకే ఇక్కడ మాట్లాడుకుందాం. మిల్ 1823లో, పదిహేడేళ్ల వయసులో, లండన్‌లోని కంపెనీ ఆఫీసులో చేరాడు. 1858లో పాలన కంపెనీ చేతిలోంచి రాణి చేతికి పోయేదాకా, అంటే ముప్పై అయిదేళ్లు, ఇండియాకి వెళ్లే ఉత్తర్వులకి చిత్తుప్రతులు రాయడమే ఆయన పని. ఈ దేశం మొహం మాత్రం చూడలేదు. వాళ్ల నాన్న జేమ్స్ మిల్ ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. 1817లో బ్రిటిష్ ఇండియా చరిత్ర అని పెద్ద గ్రంథం వేసి, తను ఇండియాకి వెళ్లకపోవడం, అక్కడి భాషలు రాకపోవడం లోపమేమీ కాదని, దూరంగా కూర్చున్నవాడికే తీర్పు సరిగ్గా కుదురుతుందని ముందుమాటలో వాదించుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండా 1819లో ఆయనకి కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. కొడుక్కి ఆ కుర్చీ దారి చూపించింది కూడా తండ్రే.

కొడుకు ఉద్యోగం మానేసిన మరుసటి ఏడాది, 1859లో, స్వేచ్ఛ మీద మీరు చదివే ఆ పుస్తకం వచ్చింది. మీ గైడులో ఉండదు గానీ, అసలు పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఒక మాట ఉంటుంది, లైబ్రరీలో దొరికితే తీసి చూడు. ఈ సిద్ధాంతం బుద్ధి ముదిరిన వాళ్లకే, పిల్లలకి వర్తించదు అంటాడు, అక్కడిదాకా మనకీ అభ్యంతరం లేదు. ఆ వెంటనే, జాతికి జాతే ఇంకా పసితనంలో ఉన్న వెనకబడ్డ సమాజాలకీ వర్తించదంటాడు. వాళ్లని బాగుచెయ్యడం కోసమైతే నిరంకుశ పాలన సబబేనంటాడు, ఒక అక్బరో, పాతకాలపు యూరపు చక్రవర్తి షార్లమేన్ లాంటివాడో దొరికితే వాళ్ల మాట వినడమే ఆ జనాలకి దక్కే అదృష్టం అంటాడు. అంటే నువ్వూ నేనూ, మన ముత్తాతలూ, ఆ పుస్తకంలో మనుషుల కింద లెక్కకి రాము, పిల్లల కింద వస్తాం.

మోసమా అన్నావు. మోసగాడైతే దాచిపెట్టేవాడు కదా, ఈయన అచ్చువేసి మరీ అమ్మాడు. నాకు తోచేదేమిటంటే, ఆ వాక్యం పుస్తకంలో పొరపాటున దొర్లింది కాదు, అది లేకపోతే మిగతా పుస్తకానికీ ముప్పై అయిదేళ్ల జీతానికీ పొత్తు కుదరదు. అందరికీ స్వేచ్ఛ అనాలి, ఆఫీసులో రోజూ చేసే పని ఆగకూడదు. మరి ‘అందరూ’ అంటే ఎవరో ముందే గీత గీసి పెట్టుకోవాలి.

ఆ గీత మన జిల్లాల్లో అంతకుముందే గీసి ఉంది. మనం ‘ఏజెన్సీ’ అంటాం కదా, ఏజెన్సీ బస్సు, ఏజెన్సీ చింతపండు, ఏజెన్సీలో పోస్టింగ్ పడిందని కొత్త టీచర్ల టెన్షన్... ఆ మాట 1839 నాటి 24వ చట్టం పెట్టిన భిక్ష. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల నుంచి, మామూలు రెగ్యులేషన్ల నుంచి తప్పించి, కలెక్టరుకే ‘గవర్నరు ఏజెంటు’ అని పేరుపెట్టి శిస్తూ, పోలీసూ, తీర్పూ అన్నీ ఆయన చేతిలోనే పెట్టారు. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. మిల్ పుస్తకం కంటే అది ఇరవై ఏళ్లు పెద్దది. మిల్ ఈ చట్టం చూసే ఆ వాక్యం రాశాడని నేననను, అంత దూరం లాగక్కర్లేదు. కానీ ఆలోచన అక్కడ పుట్టి ఓడెక్కి ఇక్కడికి దిగిందని మనకి చెప్పే కథ తలకిందులుగా ఉందని మాత్రం అంటాను. పని ఇక్కడ ముందు జరిగిపోయింది, దానికి తగిన వేదాంతం అక్కడ తీరిగ్గా అల్లుకున్నారు.

అందరూ అంతే అనుకోకు. బెంగాల్లో చేసిన అకృత్యాలకి కంపెనీ గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్‌ని 1788 నుంచి 1795 దాకా పార్లమెంటులో బోనెక్కించింది అక్కడి సభ్యుడు ఎడ్మండ్ బర్కే. ఫ్రాన్సులో డిదెరో అనే తత్త్వవేత్త వలసలని తిట్టిపోశాడు. జాతుల హెచ్చుతగ్గుల గురించి చెత్త రాసిన జర్మన్ తత్త్వవేత్త కాంట్ కూడా, 1795కి వచ్చేసరికి ‘వీళ్లు పరాయి దేశాలకి చూడ్డానికి వెళ్లామంటూ వెళ్లి ఆక్రమిస్తున్నారు’ అని రాశాడు. వాళ్లని చదవొద్దని నేను చెప్పను. చదివేటప్పుడు ‘వీళ్లకి తప్ప’ అన్న మాట ఎక్కడ దాక్కుందో వెతుక్కుంటూ చదువు, మజాగా ఉంటుంది.

టీచరు, ఛత్రపురం: ఎంతసేపూ ఇంగ్లీషువాళ్లనే అంటారు. సమానత్వం అన్న మాట ఫ్రెంచివాళ్లది కదా, వాళ్లు నయమా?

హైతీ పేరు విన్నారా? ఫ్రాన్సుకి పంచదార పండించిన బానిసల దీవి. 1789లో పారిస్‌లో మనుషులంతా సమానమని ప్రకటిస్తే, ఆ మాటని నిజమని నమ్మి 1791లో లేచింది వీళ్లే. ఫ్రాన్సు 1794లో బానిసత్వం రద్దు చేసింది, 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు, హైతీవాళ్లు ఆయన సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, మా ఆస్తి పోయింది కాబట్టి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ ఆస్తిలో మనుషులూ ఉన్నారు. తర్వాత మొత్తం తగ్గించారు గానీ, దానికోసం చేసిన అప్పుల తోక ఇరవయ్యో శతాబ్దం దాకా వదల్లేదు. నయమో కాదో మీరే చెప్పండి.

రైతు, భంజనగరం: మా ఊరి పాత పేరు రసెల్‌కొండ. ఆ రసెల్ దొరే కొండల్లో నరబలి మాన్పించాడని మా నాయనమ్మ చెప్పేది. మీరు తెల్లవాళ్లని ఎంత తిట్టినా అది మంచి పని కాదా?

మంచి పనే బాబూ. మనిషిని బలివ్వడం ఆగిపోతే ఆపినవాడెవడైనా దండం పెడతాను. నేను చెప్పేది ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది అన్న వరస గురించి.

1835లో మీ వైపు గుముసూరు జమీందారు ధనంజయ భంజుడు కంపెనీకి పేష్కషు, అంటే ఏటా కట్టాల్సిన కప్పం, బకాయి పడ్డాడు. వసూలుకి సైన్యం వచ్చింది. ఆయన కొండల్లోకి పారిపోయి అక్కడే పోయాడు, ఆ కొండల్లో ఉండే కోందు గిరిజనులు ఆయన కుటుంబానికి నీడ ఇచ్చారు. కంపెనీ అధికారి జార్జ్ రసెల్ ఆధ్వర్యంలో దండు పైకి వెళ్లి ఊళ్లు తగలబెట్టింది, చాలామందిని ఉరితీసింది, 1837 దాకా ఆ రభస నడిచింది. ఆ దండయాత్ర మధ్యలో దొరల చెవిన పడింది మెరియా అనే ఆ నరబలి సంగతి. అంటే కొండ ఎక్కింది డబ్బు కోసం, ఎక్కాక ధర్మం కనపడింది. తర్వాతి కాగితాల్లో మాత్రం బకాయి మెల్లిగా వెనక్కి జరిగి బలి ముందుకొచ్చింది, మీ నాయనమ్మ దాకా వచ్చింది ఆ రెండోదే. ఇందాక మొదటి ఉత్తరంలో చెప్పిన 1839 చట్టం ఉందే, అది కూడా ఈ రసెల్ సిఫారసు మీద వచ్చిందే.

1845లో మెరియా ఏజెన్సీ అని ప్రత్యేకంగా పెట్టి మాక్‌ఫెర్సన్, క్యాంప్‌బెల్ అనే సైనికాధికారులని కొండల మీద తిప్పారు, 1861 దాకా. వాళ్ల రిపోర్టులు ఎక్కడికి చేరాయో తెలుసా? 1890లో కేంబ్రిడ్జిలో కూర్చున్న జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’ అని పుస్తకం వేశాడు, పడమటి దేశాల్లో కవులూ పండితులూ విరగబడి చదివిన పుస్తకం. పంట కోసం మనిషిని బలివ్వడానికి మన కోందులే అందులో పెద్ద ఉదాహరణ. మనిషి బుద్ధి మంత్రతంత్రాల నుంచి మతానికి, మతం నుంచి సైన్సుకి మెట్లెక్కుతుందని ఆయన సిద్ధాంతం, కింది మెట్టు మీద గుముసూరు కొండ, పై మెట్టు మీద ఎవరున్నారో చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో గొర్రెని దొంగిలించినవాడికి 1832 దాకా ఉరిశిక్ష ఉండేది, ఆ ఉరికంబాన్ని ఏ మెట్టు మీద పెట్టాలో మాత్రం ఎవరూ రాయలేదు. యుద్ధంలో రాసుకున్న రిపోర్టు యాభై ఏళ్లకి మానవజాతి శాస్త్రం అయిపోయింది, అదండీ సంగతి.

ఊరి పేరు మారింది గానీ, దొర పేరు పక్కన ‘కొండ’ అని మన తెలుగు మాట చేరి వందేళ్లు కాపురం చెయ్యడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

దుకాణదారు, రాయగడ: మా కొట్టుకి పసుపు తెచ్చే కోందు ముసలాయన ‘మా తాత పోడు కొట్టిన కొండ గవర్నమెంటుది ఎప్పుడయింది?’ అని అడిగాడు. చెప్పలేకపోయాను. మీ వ్యాసంలో జాన్ లాక్ పేరు ఉంది, ఆయనకీ దీనికీ ఏమిటి సంబంధం?

ముందు ముసలాయన ప్రశ్న. ఒక తారీఖు చెప్పడం కుదరదు, కొంచెం కొంచెంగా పోయింది. 1802లో ఉత్తర సర్కారుల్లో శిస్తుని ఎప్పటికీ ఒకేలా ఖాయం చేసే శాశ్వత పరిష్కారం వచ్చి, శిస్తు కట్టే జమీందారుని భూమికి హక్కుదారుడని కాగితం మీద రాశారు. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది, రిజర్వు అడవి అంటే గొడ్డలి పట్టుకుని లోపలికి అడుగుపెట్టడమే నేరం. రైలు పట్టాల కింద స్లీపర్లకి కలప కావాలి మరి, పోడు కొడితే కలప తగలబడిపోతుంది. 1951లో ఒడిశాలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జయపురం రాజు అడవి కాస్తా ప్రభుత్వ అడవి అయింది, రాజు పోయినందుకు అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టేవాణ్ణే. ఆ తర్వాత జరిగిన సర్వేల్లో పది డిగ్రీలకి మించి వాలున్న భూమిని సాగుచేసేవాడి పేరున రాయలేదు. కొండమీద మనిషికి పది డిగ్రీల లోపు నేల ఎంతుంటుంది? ఆ ముసలాయన తాత కొండ పోయింది అక్కడ, అదీ మన సొంత ప్రభుత్వం వచ్చాక.

ఇక లాక్. ఇంగ్లండులో తత్త్వవేత్త, రాజు కంటే ప్రజల అంగీకారం పెద్దదన్నవాడు. ఆయనే అమెరికాలో కరోలినా వలసకి యజమానులైన ప్రభువుల దగ్గర సెక్రటరీ, ఆ వలసకి 1669లో రాసిన రాజ్యాంగం తయారీలో ఆయన చెయ్యి ఉంది, అందులో నీగ్రో బానిసల మీద యజమానికి సంపూర్ణ అధికారం ఉందని ఒక షరతు. బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో షేర్లు కొన్నాడు కూడా. 1689లో వచ్చిన పుస్తకంలో, భూమి అందరిదే గానీ ఎవడు దానిలో చెమట కలుపుతాడో వాడి సొంతం అవుతుందన్నాడు. ఎంత బాగుంది! దున్నేవాడిదే భూమి అని మనమూ అన్నాం. కానీ ఏది చెమట, ఏది కాదు అన్నది ఆయనే చెప్పాడు. కంచె వేసి నాగలితో దున్నితే చెమట. అమెరికా అడవుల్లో తిరిగేవాళ్ల నేల బీడు, అక్కడ వెయ్యి ఎకరాలు ఇంగ్లండులో పదెకరాలపాటి కూడా చెయ్యదు అని లెక్క కట్టాడు. వాళ్లు మొక్కజొన్న పండించేవాళ్లన్న సంగతి ఆ లెక్కలో లేదు.

లాక్‌ని చదివి ఎవరో మన కొండలకి చట్టం రాశారని కాదు. నిజానికి అడవి మీద గ్రామస్తులకి హక్కు ఉందని మద్రాసు రెవెన్యూ బోర్డులోని తెల్లదొరలే అడ్డం చెప్పారు, అందుకే 1878 నాటి ఇండియా చట్టాన్ని మద్రాసు తీసుకోలేదు, తనది తను నాలుగేళ్ల తర్వాత చేసుకుంది. కానీ ఒకచోట రెండేళ్లు చోళ్లూ కందులూ వేసి, పదేళ్లు నేలకి విశ్రాంతి ఇచ్చి, ఇంకో వాలు మీదకి వెళ్లే సాగుని చూసి అటు లాక్ అయినా ఇటు ఫారెస్టు గార్డు అయినా ‘ఇక్కడ ఎవరూ లేరు’ అనే అంటాడు. విశ్రాంతిలో ఉన్న నేల బంజరుగా కనపడుతుంది, కళ్లజోడు అలాంటిది.

మనం కూడా, అంటే కింది నుంచి వెళ్లిన తెలుగువాళ్లం, ఈ కథలో గోడ పక్కన నిలబడ్డ సాక్షులం కాదు సుమండీ. ఉప్పూ పొగాకూ పైకి మోసుకెళ్లి చింతపండూ పసుపూ దించుకొచ్చి, అప్పులిచ్చి, వడ్డీ కింద భూములు రాయించుకున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీకి హద్దు పెట్టి, కొండవాళ్ల భూమి ఇతరులకి పోకుండా చట్టం చేసిందంటే ఊరికే చేసిందా? మీ కొట్టు గురించి నేనేమీ అనడం లేదు.

ముసలాయనకి ఒక మాట చెప్పండి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మీ జిల్లాలోనే నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంటే, రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు గ్రామసభలు కూర్చుని పన్నెండూ బాక్సైటు గని వద్దన్నాయి. ఆయన ఊరి గ్రామసభలో వ్యక్తిగత హక్కుకీ సామూహిక హక్కుకీ విడివిడిగా ఫారాలుంటాయి, పెట్టుకున్నాడో లేదో కనుక్కోండి.

రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, బరంపురం: మా ఇంట్లో ‘నఅంక’ కరువు అని పెద్దవాళ్లు అనుకునేవారు. అది వానలు లేక వచ్చింది కదా, దానికీ పడమటి ఆలోచనకీ ముడిపెట్టడం అతిగా లేదూ?

వానలు లేకపోవడం 1865లో. మనుషులు పోయింది 1866లో. మధ్యలో ఉన్న ఆ కొన్ని నెలలే నా ముడి.

పూరీ గజపతి రాజు తొమ్మిదో అంకంలో (అంకం అంటే రాజు ఏలుబడి ఏళ్లని లెక్కపెట్టే ఒడియా పద్ధతి) వచ్చింది కాబట్టి ఒడియావాళ్లు దాన్ని నఅంక దుర్భిక్షం అన్నారు. అప్పటికి కటకం, పూరీ, బాలేశ్వరం బెంగాల్ కింద, మన గంజాం మద్రాసు కింద. మన వైపూ పస్తులే గానీ అటు పరిస్థితి ఘోరం, పది లక్షల మంది దాకా పోయారు, ఆ ప్రాంతపు జనాభాలో మూడోవంతు. 1866 ఫిబ్రవరిలో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు సిసిల్ బీడన్ కటకం వచ్చాడు. బియ్యం ధర తగ్గించమని జనం మొత్తుకుంటే, వ్యాపారుల మీద ఒత్తిడి పెడితే నాకూ బందిపోటుకీ తేడా ఏముంటుందన్న అర్థంలో జవాబిచ్చి వెళ్లిపోయాడు. ఆయన రాక్షసుడని నేననుకోను, చదువుకున్నవాడు. ఆ తరానికి నేర్పిన చదువే అది. కంపెనీ కుర్రాళ్లని తయారుచేసిన హెయిలీబరీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పింది ఎవరనుకున్నారు, మాల్థస్, 1834లో చనిపోయేదాకా. తిండి కంటే జనం వేగంగా పెరుగుతారని చెప్పిన ఆ మాల్థసే. వాళ్లందరికీ పెద్దబాలశిక్ష ఆడమ్ స్మిత్. కొరత కరువుగా మారేది ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలో చెయ్యి పెట్టడం వల్లేనని ఆయన 1776లో రాశాడు. తమాషా ఏమిటంటే, అదే పేజీల్లో బెంగాల్ కరువుని పెంచింది కంపెనీ ఉద్యోగుల పిచ్చి నిబంధనలేనని కూడా రాశాడు. సగం గుర్తుపెట్టుకుని సగం మర్చిపోయారు.

బయటి నుంచి బియ్యం తెప్పించాలని బుద్ధి పుట్టేసరికి ఋతుపవనం వచ్చేసింది. ఓడలు ఒడ్డుకి చేరలేవు, రైలు లేదు, దారులు బురద. ఇక ముడిపెట్టడం అతి అంటే మీ ఇష్టం.

ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి: సార్, పిల్లలకి ఏం చెప్పినా ‘అది ఇంగ్లీషువాళ్లు కనిపెట్టారు’ అంటారు. మన దగ్గరి నుంచి వాళ్లు నేర్చుకున్నది ఏదైనా చెప్పండి. విమానాలూ అణుబాంబులూ మన వేదాల్లో ఉన్నాయన్న వాట్సాప్ కబుర్లు కాదు, అసలువి.

బతికించారు మాస్టారూ, ఆ చివరి మాట రాసినందుకు.

మీరు బడిపంతులు కాబట్టి బడి సంగతే చెప్తాను. 1789లో ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసు ఎగ్మూరులో యూరోపియన్ సైనికుల అనాథ పిల్లల బడికి పెద్దగా వచ్చాడు. దగ్గర్లో ఒక వీధిబడిలో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకి చెప్పడం చూశాడు. అదే తన బడిలో పెట్టి, 1797లో ఇంగ్లండులో పుస్తకం వేస్తే, ఆ పద్ధతికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరొచ్చి ఇంగ్లండులో పేదపిల్లల బడులు చాలా దాని మీద నడిచాయి. ఆ వీధిబడి పంతులు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

వేలిముద్రలు చూడండి. 1858లో హుగ్లీ వైపు విలియం హెర్షెల్ అనే అధికారి, కాంట్రాక్టరు రేపు మాట మారుస్తాడేమోనని కాగితం మీద అతని అరచెయ్యి అద్దించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు, అందులో లక్షల ముద్రలు వెతుక్కునే లెక్క తయారుచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం ‘హెన్రీ పద్ధతి’, హెన్రీ వాళ్ల పైఅధికారి. 1901లో స్కాట్లండ్ యార్డుకి వెళ్లింది. అనుమానంగా చూడ్డం ఇక్కడివాళ్ల మీద ప్రాక్టీసు చేసి తర్వాత లండన్ దొంగలకి వాడుకున్నారన్నమాట. ఇవాళ రేషన్ షాపులో మనం వేలు పెడుతుంటే నాకు ఎప్పుడూ ఆ కాంట్రాక్టరే గుర్తొస్తాడు.

తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదు, వాటిది వేరే కుటుంబం అని 1816లో మొదట అచ్చులో చెప్పింది ఎల్లిస్ దొర. ఆయన వెనకాల మద్రాసు కాలేజీలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి ధాతువుల జాబితాలు ఉన్నాయి. తెలుగు వ్యాకరణం పుస్తకానికి ముందుమాటగా వచ్చిందది. నలభై ఏళ్ల తర్వాత అదే మాటకి కాల్డ్వెల్ అనే ఇంకో దొర పేరు మోగింది.

మీ ఊళ్లో ఉంటూ గిడుగు రామమూర్తి గారి పేరెత్తకపోతే పాపం. సవర గిరిజనులతో కలిసి తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. పడమటివాళ్ల భాషాశాస్త్రం పద్ధతులనే తీసుకున్నాడు, కానీ సవరలని కింది మెట్టు మీద నిలబెట్టడానికి వాడలేదు, వాళ్ల పిల్లలకి బడులు పెట్టడానికి వాడాడు. వాడుక తెలుగు గొడవకి నిప్పురవ్వ కూడా యేట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న, మీరు మాట్లాడే తెలుగు ఒకటీ బళ్లో చెప్పేది ఇంకొకటీ ఎందుకని. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ వయసులో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు, అది వేరే కథ, మీ ఊళ్లో దాని గురించి ఇప్పటికీ రెండు రకాలుగా మాట్లాడతారు.

బ్యాంకు ఉద్యోగి, జయపురం: మీలాంటివాళ్లు మెకాలేని తిట్టడం ఫ్యాషన్. మేం దళితులం. ఇంగ్లీషు బడి లేకపోతే మా తాత పలక ముట్టుకునేవాడు కాదు. మీ గురుకులాల్లో మాకు చోటుందా?

లేదు. ఈ ప్రశ్న ముందు నేను తలొంచుకుంటాను. 1873లో జోతిబా ఫూలే ‘గులాంగిరి’ రాసి, బానిసత్వం రద్దు చేసినందుకు అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. తన ఊరి శాస్త్రంలో దొరకని ఆయుధం సముద్రం అవతల దొరికితే ఎందుకు వదులుకుంటాడు? అంబేడ్కర్ అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదువుకోబట్టే ఆ పదును వచ్చింది.

ఒక్క సంగతి మాత్రం కలుపుతాను, మీరు కాదనరు. 1856లో ధార్వాడలో ఒక మహర్ కుర్రాడు ప్రభుత్వ బడిలో చేరతానంటే చేర్చుకోలేదు, బొంబాయి ప్రభుత్వానికి అర్జీ పెడితే, ఒక్కడి కోసం మిగతావాళ్లు బడి మానేస్తారని అదీ కాదంది. ఇక్కడ ఇంగ్లీషు చదువు పెట్టాలని మెకాలే తన నివేదిక రాసి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. ఆయన కోరింది కూడా పైనున్న కొద్దిమందినే కదా, తమకీ ఏలబడే జనానికీ మధ్య దుబాసీలుగా. 1882లో చదువుల మీద వేసిన హంటర్ కమిషన్ ముందు ఫూలే అదే అడిగాడు, శిస్తు కట్టేది రైతు, ఆ డబ్బుతో పైచదువులు పైకులాలకా అని. కాబట్టి తలుపు దొర తెరిచి పిలిచాడనడం కంటే, మీ తాతలు భుజంతో నెట్టుకుని లోపలికొచ్చారనడమే న్యాయంగా ఉంటుంది. ఇంగ్లీషు మీడియం మానేయమని నేనెప్పుడూ అనలేదు, అననుకూడా.

గోపాలపురం నుంచి ఒకరు: మీ వ్యాసంలో ‘మా ముత్తాతలు రంగంలోకి దిగారు’ అని రాశారు. మా వైపు ‘రంగం పోయాడు’ అంటే రంగూన్ వెళ్లాడని. సరిచేసుకోండి.

సరిచేసుకున్నాను, చెంపలు వేసుకున్నాను. మీ సముద్రం ఒడ్డున ఇప్పుడు టూరిస్టులు ఫొటోలు దిగుతున్న చోటే ఒకప్పుడు రంగూన్ స్టీమరు కోసం మూటలతో జనం కూర్చునేవారు. 1852లో ఇంగ్లీషువాళ్లు దిగువ బర్మాని పట్టుకున్నాక అక్కడ వరికోతలకీ, బియ్యం మిల్లులకీ, రేవులో బరువులకీ మన మనుషులే కావాల్సి వచ్చారు. అంతకుముందు 1833లో బ్రిటన్ బానిసత్వం రద్దు చేసి, రెండు కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చింది, బానిసలకి కాదండోయ్, యజమానులకి, దానికి చేసిన అప్పు 2015 దాకా తీరుతూనే ఉంది. రద్దు చేసిన మరుసటి ఏడాదే, 1834లో, మారిషస్ చెరుకుతోటలకి మన దేశం నుంచి ఒప్పందం కూలీలు బయల్దేరారు. రంగం పోయినవాళ్లది అదీ కాదు, మేస్త్రీ పద్ధతి. మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్సు ఇస్తాడు, టిక్కెట్టు కొంటాడు, అక్కడ జీతంలోంచి కోసుకుంటాడు. కాగితం మీద ఇద్దరు స్వతంత్రులు ఇష్టపడి కుదుర్చుకున్న బేరం. బర్మావాళ్లు మనవాళ్లని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. జపాను బాంబులు పడ్డాక 1942లో వాళ్లలో చాలామంది అడవుల్లోంచి నడిచొచ్చారు, కొందరు దారిలోనే పోయారు. మీ ఇంట్లో రంగం నుంచి తెచ్చిన ట్రంకుపెట్టె గానీ, లక్కపూత డబ్బా గానీ, పాత ఉత్తరం గానీ ఉంటే ఫొటో తీసి పంపండి, వచ్చే నెల వేస్తాను.